సాలీడు పట్టు

సాలీడు పట్టు (సాలెపట్టు) అనగా సాలీళ్ళు తమ పొట్టలోని గ్రంథులలో ద్రవరూపంలో తయారుచేసి, పొట్ట చివరనున్న తొనల గుండా దారంగా బయటకు తీసే మాంసకృత్తు. 2022 నాటికి ప్రపంచంలో గుర్తించిన సాలీడు జాతుల సంఖ్య 50,000 దాటింది. అన్ని సాలీళ్ళూ వలలు అల్లవు గాని పట్టు తీయని సాలీడు లేదు. కొన్ని గుడ్లసంచి కట్టడానికి, కొన్ని కలుగుకు అస్తరు వేయడానికి, కొన్ని గాలిలో తేలిపోవడానికి ఈ దారాన్ని వాడుకుంటాయి.

బరువుతో పోల్చినప్పుడు ఉక్కును మించిన బలం, దానితోపాటు సాగే గుణం ఉండడం వల్ల ఈ దారాన్ని మనిషి అవసరాలకు వాడుకోవాలనే ప్రయత్నం మూడు వందల ఏళ్ళుగా సాగుతున్నది. సాలీడును పట్టుపురుగులా పెంచడం సాధ్యం కాలేదు. అందువల్ల దాని జన్యువులను బాక్టీరియా, మేక, పట్టుపురుగు వంటి ఇతర జీవులలో ప్రవేశపెట్టి పట్టు రాబట్టే పరిశోధనలు 1990 తరువాత ఊపందుకున్నాయి. వీటిలో పట్టుపురుగు మార్గానికి ఆధారమైన జన్యుమార్పిడి పద్ధతిపై హైదరాబాదు, హిందూపురంలోని సంస్థలు చెప్పుకోదగ్గ పని చేశాయి.

పేరు, పరిచయం

తెలుగులో సాలె అంటే నేత పనివాడు. సాలీడు అనే మాటకు నేతగాడనే అర్థం కూడా ఉన్నది. సంస్కృతంలో తంతువాయము అనే పదానికీ ఇవే రెండు అర్థాలు. ఊర్ణనాభి అనేది మరొక పేరు. శ్రీకాళహస్తి క్షేత్రనామంలోని మొదటి అక్షరం 'శ్రీ' సాలీడునే సూచిస్తుంది. శివలింగంపై తన దారంతో గుడి కట్టిన సాలీడు కథను ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యములో చెప్పాడు.

వరి పండే ప్రాంతాలవారికి సాలీడు నిత్యం కనిపించే ప్రాణి. కామారెడ్డి జిల్లాలో నస్రుల్లాబాద్, బీర్కూరు, బాన్సువాడ వంటి మండలాల వరి పొలాల్లో చలికాలపు ఉదయం మంచు బిందువులు పట్టిన వలలు మడి మడికీ కనిపిస్తాయి. పొడవాటి దవడలు, సన్నని దేహం గల ఒక రకం సాలీళ్ళు నీటికి దగ్గరగా వరి దుబ్బుల మధ్య గుండ్రని వల కడతాయి. వల కట్టకుండా నేలమీద, నీటిమీద పరుగెత్తి వేటాడే తోడేలు సాలీళ్ళు కూడా పొలంలో ఉంటాయి. సుడిదోమకు ఇవి ముఖ్యమైన శత్రువులు. తోటలలో, కంచెలమీద వల నడుమ తెల్లని దారంతో గుణకారపు గుర్తు వేసుకుని కూర్చునే సాలీడు మరొక రకం.

దారాల రకాలు

సాలీడు పట్టు అనేది ఒకే దారం అనుకోవడం పొరపాటు. గుండ్రని వల అల్లే సాలీడు పొట్టలో ఏడు రకాల వరకు గ్రంథులు ఉంటాయి. ఒక్కొక్క గ్రంథి నుండి ఒక్కొక్క పనికి తగిన పదార్థం వస్తుంది. సాలీడు ఎత్తునుండి జారేటప్పుడు వెనుక వదిలే తాడు, వల యొక్క చట్రం, చక్రపు ఆకుల వంటి దారాలు ఒక గ్రంథి నుండి వస్తాయి. దీనిని వ్రేలాడు దారం అనవచ్చు. పరిశోధనలలో ఎక్కువ భాగం దీనిమీదనే జరిగింది. వల లోపలి చుట్ల దారం వేరు. దానిమీద పూసే జిగురు వేరు. దారాన్ని గోడకు అంటించే పదార్థం, చిక్కిన పురుగును చుట్టే దారం, గుడ్లసంచి దారం అన్నీ వేరువేరు గ్రంథులవి.

కొన్ని సాలీళ్ళు జిగురు వాడవు. అతి సన్నని నూలును దువ్వెన వంటి వెంట్రుకలతో చిక్కదువ్వి, ఉన్నిలాంటి పీచు తయారుచేస్తాయి. పురుగు కాలు ఆ పీచులో చిక్కుకుంటుంది. మన దేశంలో గుంపులుగా కలిసి బ్రతికే స్టెగోడైఫస్ సారసినోరమ్ అనే సాలీడు ఈ కోవకు చెందినది. ముళ్ళపొదల మీద వందలకొద్దీ సాలీళ్ళు కలిసి ఒకే గూడు కట్టుకుంటాయి. చిత్తూరు జిల్లా కుప్పం పరిసరాల్లోని ఇటువంటి గూళ్ళపై డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అధ్యయనాలు చేసి 2013లో ఫలితాలు ప్రచురించారు. దీని దగ్గరి బంధువైన ఆఫ్రికా జాతి సాలీడు జన్యుపటం 2014లో వెలువడింది. సాలీళ్ళలో మొదట జన్యుపటం పూర్తయిన వాటిలో అది ఒకటి.

నిర్మాణం

సాలెపట్టులోని మాంసకృత్తులను స్పిడ్రోయిన్లు అంటారు. ఇవి చాలా పెద్ద అణువులు. వీటిలో గ్లైసీన్, అలనీన్ అనే రెండు అమైనో ఆమ్లాలు అధికం. అలనీన్‌లు వరుసగా చేరినచోట అణువులు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు బిగుసుకుని అతి సూక్ష్మమైన స్ఫటికాలవుతాయి. గ్లైసీన్ అధికంగా ఉన్నచోట అవి చుట్టలు చుట్టుకుని వదులుగా ఉంటాయి. స్ఫటికాలు దారానికి బలాన్ని, వదులు భాగాలు సాగే గుణాన్ని ఇస్తాయి. దారాన్ని లాగినప్పుడు ముందుగా వదులు భాగాలు విచ్చుకుంటాయి, చివరకు బరువు స్ఫటికాలమీద పడుతుంది.

అయితే ఈ దారం గొప్పతనం పదార్థంలో ఎంత ఉన్నదో, దానిని తీసే విధానంలోనూ అంతే ఉన్నది. గ్రంథిలో మాంసకృత్తు అతి చిక్కని ద్రవంగా నిలువ ఉంటుంది, అయినా గడ్డకట్టదు. సన్నని నాళం గుండా కదిలేకొద్దీ ద్రవంలోని ఆమ్లగుణం పెరుగుతుంది, సోడియం లవణం తగ్గి పొటాషియం, ఫాస్ఫేటు పెరుగుతాయి, నీరు తొలగిపోతుంది. నాళం సన్నబడడం వల్ల అణువులు ఒకే దిశలో సాగుతాయి. చివరకు సాలీడు తన వెనుక కాలితోనో, తన బరువుతోనో లాగగా ద్రవం దారంగా మారుతుంది. ఇదంతా మామూలు ఉష్ణోగ్రత వద్ద, నీటిలో, ఏ విషరసాయనం లేకుండా జరుగుతుంది. కర్మాగారంలో కృత్రిమ దారం తీసే ఏ పద్ధతీ ఇంతవరకు దీనికి పూర్తిగా సాటి రాలేదు.

ఈ పట్టుకు ఒక లోపమూ ఉన్నది. తడిస్తే వ్రేలాడు దారం ముడుచుకుని దాదాపు సగానికి కుంచించుకుపోతుంది. సాలీడు వలకు మంచు పడినప్పుడు ఇది వలను బిగించే మేలు చేస్తుందని భావిస్తారు. బట్టకు మాత్రం ఇది పనికిరాని గుణం.

ఉక్కుకంటె బలమైనదా?

పత్రికలలో సాలెపట్టును గురించి తరచుగా కనిపించే ఈ వాక్యాన్ని కొంచెం జాగ్రత్తగా చదవాలి. ఒకే మందం గల తీగలను పోల్చితే మేలురకం ఉక్కు తన్యతా బలం సుమారు 1.5 గిగాపాస్కల్‌లు, వ్రేలాడు దారానిది సుమారు 1.1. అంటే ఉక్కే బలమైనది. కాని ఉక్కు సాంద్రత నీటికి 7.8 రెట్లు కాగా పట్టుది 1.3 రెట్లు మాత్రమే. కాబట్టి సమానమైన బరువుకు లెక్కిస్తే పట్టు నాలుగు రెట్లకు పైగా బలమైనదవుతుంది. కెవ్లార్ అనే కృత్రిమ దారం తన్యతా బలం సుమారు 3.6 గిగాపాస్కల్‌లు, బరువు ప్రకారం చూసినా అది సాలెపట్టును మించినదే.

సాలెపట్టు నిజంగా అన్నిటినీ మించేది దార్ఢ్యంలో, అనగా తెగకుండా శక్తిని ఇముడ్చుకోవడంలో. ఘనపు మీటరుకు ఉక్కు 6 మెగాజౌళ్ళు, కెవ్లార్ 50, మల్బరీ పట్టు 70 ఇముడ్చుకోగా వ్రేలాడు దారం 160 మెగాజౌళ్ళ వరకు ఇముడ్చుకుంటుంది. ఉక్కు నూటికి ఒక వంతైనా సాగకముందే తెగుతుంది, వ్రేలాడు దారం పావు వంతుకు పైగా సాగుతుంది. వల లోపలి చుట్ల దారమైతే తన పొడవుకు రెండున్నర రెట్లకు మించి సాగుతుంది. మడగాస్కర్‌లో నదులకు అడ్డంగా వలలు కట్టే డార్విన్ బెరడు సాలీడు దారం సగటు దార్ఢ్యం 350 మెగాజౌళ్ళని 2010లో ప్రకటించారు. ఇంతవరకు కొలిచిన జీవపదార్థాలలో అత్యంత దార్ఢ్యం గలవాటిలో ఇది ఒకటి.

తుపాకీగుండును ఆపే కవచం తయారుచేయవచ్చుననే మాట కూడా ఈ లెక్కల నుండి పుట్టినదే. ఇంతగా సాగే దారం గుండును ఆపినా, ఆగేలోపల ఆ గుండు ధరించినవాని శరీరంలోకి చొచ్చుకుపోతుందనే అభ్యంతరం ఉన్నది. ఎగిరే పురుగును ఎగిరిపోనీయకుండా ఆపడానికి ఏర్పడిన దారం నుండి కవచం ఆశించడం తొందరపాటే.

పెంపకంలో చిక్కు

1709-10లో ఫ్రాన్సులో బాన్ అనే పెద్దమనిషి సాలీడు గుడ్లసంచుల పట్టుతో మేజోళ్ళు, చేతి తొడుగులు చేయించి విజ్ఞాన పరిషత్తుకు చూపించాడు. దీనిని పరిశ్రమగా నడపవచ్చునా అని పరిశీలించే పని రియోమూర్ అనే శాస్త్రజ్ఞునికి అప్పగించారు. లాభం లేదని ఆయన తేల్చాడు. ఆయన చూపిన ప్రధాన కారణం నేటికీ మారలేదు: సాలీళ్ళను ఒకచోట ఉంచితే ఒకదానినొకటి తింటాయి.

పట్టుపురుగు శాకాహారి. ఒక తట్టలో వందల పురుగులను వేసి మల్బరీ ఆకు వేస్తే చాలు. సాలీడుకు ప్రతిరోజూ ప్రాణమున్న ఆహారం కావాలి, విడిగా చోటు కావాలి. పట్టుపురుగు తన జీవితపు పట్టునంతా ఒకే కాయగా చుట్టి ఇస్తుంది. దానిని వేడినీటిలో వేసి ఏకబిగిన వెయ్యి మీటర్ల దాకా దారం తీయవచ్చు. సాలీడు మాత్రం అవసరమైనంత దారాన్ని అవసరమైనప్పుడే తీస్తుంది, పాత వలను తానే తినివేస్తుంది. బలవంతంగా తీయాలంటే ఒక్కొక్క సాలీడును కదలకుండా పట్టి ఉంచి, దారం కొసను చక్రానికి చుట్టాలి.

ఈ పద్ధతిలో ఎంత శ్రమ ఉన్నదో 2009లో అమెరికాలోని న్యూయార్కు ప్రకృతి చరిత్ర సంగ్రహాలయంలో ప్రదర్శించిన ఒక వస్త్రం చూపింది. సైమన్ పీర్స్, నికొలస్ గాడ్లీ అనే ఇద్దరు మడగాస్కర్‌లో దానిని నేయించారు. 11 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ఆ బట్టకు పది లక్షలకు పైగా బంగారు వల సాలీళ్ళు కావలసివచ్చాయి, నాలుగేళ్ళకు పైగా పట్టింది. ప్రతి ఉదయం మనుషులు స్తంభాలమీది వలలనుండి సాలీళ్ళను ఏరి తెచ్చి, దారం తీశాక మళ్ళీ వదిలిపెట్టేవారు. బట్టకు ఏ రంగూ వేయలేదు, ఆ బంగారు వర్ణం దారానిదే. ఈ వంశానికే చెందిన పెద్ద సాలీడు (నెఫిలా పిలిపెస్) తూర్పు కనుమల అడవులలోనూ ఉన్నది.

పాత ఉపయోగాలు

పూర్వం సర్వే పనిలో వాడే థియోడలైట్లు, ఖగోళ దూరదర్శినులు మొదలైన పరికరాల కంటికటకంలో గురి చూసే అడ్డుగీతలుగా సాలెదారం వాడేవారు. అంత సన్నగా, సమానంగా ఉండి తెగని దారం వేరొకటి దొరకకపోవడమే కారణం. రెండవ ప్రపంచ యుద్ధకాలం వరకు ఈ వాడకం ఉన్నది. పసిఫిక్ మహాసముద్రంలోని సాలమన్ దీవులలో జాలరులు గాలిపటానికి సాలెగూటి ముద్దను ఎరగా కట్టి చేపలు పట్టేవారు.

తెగిన గాయంపై సాలెగూడు అద్దడం మన పల్లెలలోనూ, ప్రాచీన గ్రీకు, రోమను వైద్యంలోనూ ఉన్న అలవాటు. సాలెపట్టుకు సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్నదని చాలాకాలం నమ్మారు. ఆర్హస్ విశ్వవిద్యాలయం వారు 2021లో పలు జాతుల పట్టును పరీక్షించి అటువంటి గుణానికి ఆధారం కనబడలేదని ప్రకటించారు. మూలల్లో దుమ్ముపట్టిన బూజును పచ్చిగాయానికి అద్దడం వల్ల ధనుర్వాతం వంటి ప్రమాదం ఉన్నది. కాబట్టి ఈ అలవాటు మానుకోవలసినదే.

జన్యువుల ద్వారా

1990లో అమెరికాలోని వయోమింగ్ విశ్వవిద్యాలయంలో మింగ్ షూ, రాండాల్ఫ్ లూయిస్ అనే శాస్త్రజ్ఞులు బంగారు వల సాలీడు వ్రేలాడు దారపు జన్యువులో కొంత భాగాన్ని చదివారు. పూర్తి నిడివి జన్యువులు 2007లో నల్ల విధవ సాలీడు నుండి లభించాయి. 2017లో బంగారు వల సాలీడు మొత్తం జన్యుపటాన్ని పరిశీలించగా 28 రకాల స్పిడ్రోయిన్ జన్యువులు బయటపడ్డాయి.

బాక్టీరియాలో ఈ జన్యువును పెట్టడం సులభమే. కాని ఒకే వరుస మళ్ళీ మళ్ళీ వచ్చే ఈ పొడవాటి జన్యువును బాక్టీరియా సరిగా మోయలేదు, మధ్యలో తుంచివేస్తుంది. పొట్టి అణువులతో తీసిన దారం బలహీనంగా ఉంటుంది. 2010లో కొరియా శాస్త్రజ్ఞులు బాక్టీరియా జీవక్రియనే సవరించి సహజమైన పరిమాణం గల అణువును రాబట్టారు. అయినా పొడిగా వచ్చిన మాంసకృత్తును కఠినమైన ద్రావణిలో కరిగించి దారం తీయవలసి రావడం మరొక ఇబ్బంది. స్వీడన్ పరిశోధకులు 2017లో నీటిలో కరిగే చిన్న స్పిడ్రోయిన్‌ను రూపొందించి, ఆమ్లగుణాన్ని మార్చే సాలీడు పద్ధతినే అనుకరించి దారం తీశారు.

కెనడాలోని నెక్సియా సంస్థ 2000 ప్రాంతంలో మేకలలో ఈ జన్యువును ప్రవేశపెట్టి పాలలో మాంసకృత్తు రాబట్టింది. ఆ రోజులలో 'సాలీడు మేక' వార్త తెలుగు పాఠకులనూ ఆకర్షించింది. పాలలో మాంసకృత్తు వచ్చింది గాని దానినుండి సహజమైన బలం గల దారాన్ని తగినంత తీయడం కుదరలేదు. దశాబ్దం తిరగకముందే సంస్థ ఆ పని నుండి తొలగిపోయింది. ఆ మేకలు లూయిస్ పరిశోధనశాలకు చేరాయి.

అమ్మకానికి వచ్చిన వస్తువులు కొన్ని ఉన్నాయి. అమెరికాలో బోల్ట్ థ్రెడ్స్ 2017లో 50 మెడపట్టీలు (టైలు) అమ్మింది. జపానులోని స్పైబర్ 2019లో 50 చలికోట్లు విడుదల చేసింది. ఆ కోటు దారం సాలెపట్టును చూసి రూపొందించినదే గాని, తడిస్తే ముడుచుకునే గుణాన్ని తొలగించడానికి దానిని బాగా మార్చవలసి వచ్చింది. జర్మనీలోని ఏఎమ్‌సిల్క్ బాక్టీరియా నుండి తీసిన మాంసకృత్తును పైపూతలకు, సౌందర్య సాధనాలకు ఉపయోగించింది. ముప్పై ఏళ్ళ వాగ్దానాలతో పోల్చితే ఫలితం తక్కువే.

పట్టుపురుగు మార్గం

దారం తీయడమే అసలు సమస్య కనుక, దారం తీయడం పుట్టుకతో తెలిసిన మరొక జీవికి జన్యువును అప్పగించడం తెలివైన పని. పట్టుపురుగును వేల ఏళ్ళుగా మనిషి పెంచుతున్నాడు. ఆకు, తట్ట, కాయ, దారం తీసే యంత్రం అన్నీ సిద్ధంగా ఉన్నాయి. 2012లో అమెరికా శాస్త్రజ్ఞులు సాలీడు, పట్టుపురుగు పట్టు కలిసిన దారాన్ని పొందారు. అందులో సాలీడు భాగం స్వల్పం. 2018లో చైనా శాస్త్రజ్ఞులు పట్టుపురుగు సొంత జన్యువు స్థానంలో సాలీడు జన్యువును పెట్టి, కాయలో 35 శాతం వరకు సాలెపట్టును సాధించారు. 2023లో షాంఘైలోని డాంగ్‌హువా విశ్వవిద్యాలయం వారు క్రిస్పర్ పద్ధతితో మార్చిన పట్టుపురుగుల దారం దార్ఢ్యం 319 మెగాజౌళ్ళని, ఇది కెవ్లార్‌కు ఆరు రెట్లని ప్రకటించారు. ఇవి పరిశోధనశాల ఫలితాలు.

పట్టుపురుగు జన్యువును మార్చే విద్య భారతదేశంలో హైదరాబాదులోని డీఎన్‌ఏ వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రం (సీడీఎఫ్‌డీ)లో వృద్ధి చెందింది. జె. నాగరాజు నాయకత్వంలోని బృందం ఫ్రాన్సు శాస్త్రజ్ఞుల సహకారంతో, గ్రాసరీ వ్యాధి కలిగించే వైరస్‌ను తట్టుకొనే పట్టుపురుగులను రూపొందించి 2007లో, 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండవ దశలో హిందూపురం దగ్గరి కిరికెరలోని ఆంధ్రప్రదేశ్ పట్టుపరిశ్రమ పరిశోధన, అభివృద్ధి సంస్థ పాలుపంచుకున్నది. ఈ పని సాలెపట్టు కోసం చేసినది కాదు. రైతు తట్టలో పురుగు చావకుండా కాపాడడం దాని ఉద్దేశ్యం. కాని పురుగు గుడ్డులోకి కొత్త జన్యువును పంపి తరతరాలకు నిలపడమనే మూలవిద్య రెండింటికీ ఒకటే. ఇటువంటి పురుగును రైతుకు ఇవ్వాలంటే 1989 నిబంధనల ప్రకారం జన్యు ఇంజనీరింగ్ అంచనా కమిటీ అనుమతి అవసరం.

దసలి పట్టుతో పోలిక

తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల అడవులలో మద్దిచెట్లపై పెరిగే దసలి పట్టుపురుగు ఈ విషయంలో ప్రత్యేకమైనది. మల్బరీ పట్టులోని స్ఫటికాలు గ్లైసీన్, అలనీన్ ఒకదాని తరువాత ఒకటి రావడం వల్ల ఏర్పడతాయి. దసలి పట్టులో మాత్రం సాలీడు వ్రేలాడు దారంలో వలెనే అలనీన్‌లు వరుసగా పేరుకుని ఉంటాయి. పురుగుకు, సాలీడుకు బంధుత్వం లేదు. పట్టు తీసే నేర్పు రెండింటికీ వేరువేరుగా వచ్చినదే, అయినా నిర్మాణం ఒకే దారి పట్టింది. దసలి దారం మల్బరీ దారంకంటె ముతక, కాని ఎక్కువగా సాగుతుంది. దసలి పురుగును ఇంటిలో పెంచడం కష్టం. చెట్టుమీదనే పక్షులు, చీమల నుండి కాపలా కాయవలసి ఉంటుంది. అందువల్ల జన్యు పరిశోధనలన్నీ మల్బరీ పురుగు మీదనే జరిగాయి.

వైద్యరంగంలో

శరీరం సాలెపట్టును పెద్దగా తిరస్కరించదు, కాలక్రమంలో దానిని కరిగించుకుంటుంది. జర్మనీలోని హానోవర్ వైద్యకళాశాల వారు గొర్రెలలో 6 సెంటీమీటర్ల మేర తెగిన నరానికి, శుభ్రపరచిన రక్తనాళంలో సాలెదారాలు ఉంచి వంతెనగా అమర్చగా నరం తిరిగి పెరిగినట్లు 2011లో ప్రకటించారు. నరం అతుక్కునే చికిత్సకు దారం గ్రాములలో చాలు, బట్టకు కావలసినట్లు టన్నులలో అవసరం లేదు. సాలెపట్టుకు ముందుగా అక్కరకు వచ్చే రంగం ఇదేనని చెప్పడానికి ఇదే కారణం.

2025లో జర్మనీలోని బైరాయిట్ విశ్వవిద్యాలయం వారు సాలీడు జన్యువునే క్రిస్పర్ పద్ధతితో సవరించి, ఎర్రగా మెరిసే దారం తీసే సాలీడును పొందారు. దీనితో ఏ జన్యువు దారంలో ఏ గుణాన్ని ఇస్తుందో సాలీడులోనే పరీక్షించే వీలు కలిగింది.

తెలుగు ప్రాంతపు సాలీళ్ళు

అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికిన నీలిరంగు సాలీడును 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. తరువాత ఒక శతాబ్దం పాటు అది మళ్ళీ కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో దొరికింది. వల కట్టకుండా చెట్టుతొర్రకు పట్టుతో అస్తరు వేసుకునే ఈ సాలీడును ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సమాఖ్య 2008లో తీవ్ర అపాయంలో ఉన్న జాతిగా ప్రకటించింది.

వరి పొలాలలో సాలీళ్ళకు ముప్పు పురుగుమందుల నుండి వస్తున్నది. సుడిదోమపై చల్లే మందులలో చాలావరకు దోమతోపాటు సాలీడునూ చంపుతాయి. దోమ కొద్దివారాలలోనే తిరిగి పెరుగుతుంది. సాలీడు సంతతి అంత త్వరగా కోలుకోదు. అందువల్ల మందు కొట్టిన పొలంలో దోమ మునుపటికంటె ఉధృతమవడం ఆసియా వరి ప్రాంతాలన్నిటిలో గమనించిన విషయం. గట్లమీద గడ్డిని పూర్తిగా కాల్చివేయకుండా కొంత వదలడం, నాటిన మొదటి నెలన్నర అవసరం లేని మందులు చల్లకపోవడం సాలీళ్ళు నిలవడానికి తోడ్పడతాయి.